మూడు కాపీలు

మా వారికి,

ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసాగానే ఉన్నాం. ఆ నీళ్ళ మధ్య మీరు కూడా కులాసాగా ఉన్నారనీ, వేలికి కట్టు విప్పేశారనీ అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. మీ ఉత్తరం పోయిన వారం అందింది. సముద్రంలో తీగలు పరిచే మీ కేబుల్ ఓడకి సామానూ ఉత్తరాలూ మోసే పడవ ఎప్పుడు బయల్దేరుతుందో కంపెనీ ఆఫీసుకెళ్ళి కనుక్కున్నాను. ఈసారి తొందరేం లేదన్నారు. అందుకే కొట్లో కౌంటరు మీద కాయితాలు పరుచుకుని తీరిగ్గా రాస్తున్నాను. బయట వాన. వాన పడితే చెవి మిషన్లు పెట్టుకునేవాళ్ళెవరూ గడప దాటరని మీకు తెలిసిందే కదా.

అత్తయ్య మోకాలి సంగతి అడిగారు. నొప్పి తగ్గింది, మొండితనం తగ్గలేదు. మెట్లెక్కొద్దని డాక్టరు చెబితే, "ఎక్కడం మానేశాను, దిగడం ఒక్కటే చేస్తున్నాను" అంటున్నారు. ఎక్కకుండా ఎలా దిగుతున్నారత్తయ్యా అని అడిగితే, అది నాకూ మెట్లకీ మధ్య సంగతి, నీకెందుకన్నారు. ఇక వంటింటి కిటికీ రెక్క మీరు చెప్పినట్టే బాగుచేయించాను. ఇప్పుడు మూసుకుంటోంది, తెరుచుకోవడం లేదు.

ఆ తర్వాత మీరు రాసిన మాట ఉంది. "వేలు తెగిందని ఫోన్లో చెబితే 'చాలా సంతోషం అండీ' అన్నావు. ఈమధ్య ఏం చెప్పినా ఊఁ అంటావు, లేకపోతే సంబంధం లేనిదేదో అంటావు. నా మీద కోపమా?" అని. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి, ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాను. దానికి జవాబుంది. కానీ ఒక్క ముక్కలో చెబితే మీకు సగమే తెలుస్తుంది. ముందు కొట్టు సంగతి చెప్పనివ్వండి. ఆ జవాబుకి దారి కొట్లోంచే ఉంది.

కంప్యూటర్లో ఫైళ్ళన్నీ దొరుకుతున్నాయా అని మీరు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. నేను ప్రతిసారీ దొరుకుతున్నాయని రాస్తూ వచ్చాను. ఇప్పుడు నిజం వినండి. వెళ్ళేముందు మీరు "అన్నీ అందులోనే ఉన్నాయి, వెతుక్కుంటే దొరుకుతాయి" అన్నారు. ఉండడం నిజమే. మిషను చెవిలో కుదురుగా కూర్చోడానికి చెవి అచ్చులు చేయడం నా పని, కంప్యూటరు మీ పని అని పంచుకున్నాం కాబట్టి నేనెప్పుడూ దాని జోలికి పోలేదు. మీరెళ్ళాక తెరిచి చూస్తే తెర నిండా ఫైళ్ళే. వెనక మన పెళ్ళి ఫొటోలో మీ తల ఒక్కటి బయటికి కనబడుతోంది. నా మొహం మీద "కొత్తది", "కొత్తది 2", "అసలైనది", "ఇదే అసలైనది" అని అతుక్కుని ఉన్నాయి. "తర్వాత చూద్దాం" అని ఒక ఫోల్డరు, అందులో మనం కొట్టు తెరిచినప్పటినుంచీ చూడనివన్నీ ఉన్నాయి. "ముట్టుకోవద్దు" అని ఇంకోటి. దాన్ని ముట్టుకుంటే లోపల ఏమీ లేదు. ఎందుకు ముట్టుకోకూడదో ఇప్పటికీ తెలియలేదు.

నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ పక్క కొట్టు గడియారాల బాబాయికి ఎడమ చెవి అచ్చు పగిలింది. కొత్తది చేసివ్వమని వచ్చారు. ఆయన పేరుతో చెవి స్కాన్లు మూడు చోట్ల కనబడ్డాయి. "అసలైనది" అని ఉన్నదాన్ని నమ్మి, అచ్చు మిషనుకి పంపి, అచ్చు తీసి, నునుపు చేసి ఇచ్చాను. బాబాయి పెట్టుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళ తర్వాత టీ కొట్టు దగ్గర చూస్తే తల ఒక పక్కకి వంచుకుని, చెవి మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. లోపలికి తీసుకొచ్చి చూద్దును కదా, చెవి లోపల ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. నేను వాడింది ఆయన చెవి ఆపరేషనుకి ముందు తీసిన స్కాను. సరైనది "ఇదే అసలైనది"లో ఉంది.

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అన్నాను.

"కొత్త చెప్పు కరిచినట్టుంటే, అలవాటైపోతుందిలే అనుకున్నానమ్మా. మావాడు లేకుండా నువ్వొక్కదానివీ నెట్టుకొస్తున్నావు. మళ్ళీ నా చెవి కూడా ఎందుకు నీ నెత్తిన అని" అన్నారు.

ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందు చుక్కలు వేయించాను. అచ్చు మళ్ళీ చేశాను. ఆరోజు మీ మీద కోపమొచ్చింది, రాలేదని అనను. కోపమొస్తే మీ ఎదురుగా గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగేదాన్ని, మీరొచ్చి వెనక నిలబడి ఏం జరిగిందనేవారు. ఇప్పుడు గిన్నెలు చప్పుడు చేస్తే అత్తయ్య వచ్చి "మెల్లిగా కడుగమ్మాయ్, చొట్టలు పడతాయి" అంటారు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొట్టు సర్దడం మొదలుపెట్టాను.

నేను నేరుగా కంప్యూటరు ముందు కూర్చోబోతే అత్తయ్య ఆపారు. అట్టపెట్టెలు చుట్టి వచ్చే గోధుమరంగు కాయితం ఒకటి బల్ల మీద పరిచి, "మన కొట్టుకి మనిషొస్తే ఏమేం జరుగుతుందో వరసగా చెప్పు" అన్నారు. చెప్పాను. చెవి పరీక్ష చేస్తాం, అచ్చు తీస్తాం, మిషను అమరుస్తాం, పాడైతే బాగుచేస్తాం, బిల్లు ఇస్తాం.

"అయితే మనిషికో డబ్బా. డబ్బాలో ఇవన్నీ. ఇంతేగా?"

కాదత్తయ్యా అని వాదించాను. పరీక్షలన్నీ ఒకచోట, అచ్చులన్నీ ఒకచోట, బిల్లులన్నీ ఒకచోట ఉండాలని నా ఉద్దేశం. మీరూ అలాగే మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టున్నారు. అత్తయ్య కళ్ళజోడు పైకి తోసి, "గడియారాలాయన వచ్చి ఎదురుగా నిలబడితే నీకు కావలసింది ఆయన సంగతులా, వీధిలోవాళ్ళందరి చెవులా?" అన్నారు.

అలా మనిషికో ఫోల్డరు అయింది. ఒకే పేరుతో ఎంతోమంది ఉన్నారు కాబట్టి పేరు పక్కన ఫోన్ నంబరు చివరి అంకెలు. లోపల ప్రతి ఫైలు పేరూ తేదీతోనే మొదలు కావాలి, అదీ ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అలా రాస్తే మనం సర్దక్కర్లేదు, కంప్యూటరే వాటిని బడిపిల్లల్లా వరసలో నిలబెడుతుంది. తేదీ తర్వాత అది ఏమిటో, ఏ చెవిదో. "కొత్తది", "అసలైనది" అనే మాటలు మన కొట్లో ఇక ఎవరూ వాడకూడదు. పాతవాటిని చెరపలేదు లెండి, భయపడకండి. ఎవరివి వారి ఫోల్డర్లోనే లోపల "పాతవి" అని పెట్టి, పొరపాటున అచ్చు మిషనుకి వెళ్ళకుండా పక్కకి జరిపాం. మీ "తర్వాత చూద్దాం" మాత్రం అలాగే ఉంచాను. మీరొచ్చి చూడాలి.

పాస్‌వర్డులు మీ తలకాయలో ఉన్నాయి, తలకాయ సముద్రం మీద ఉంది. కొట్టు మెయిలుది అడగడానికి ఓడకి ఫోన్ చేసి ఎంత అరిచానో గుర్తుందా? మీరు సిగ్గుపడుతూ చెప్పారు. మన పెళ్ళిరోజు. అది కొట్టి, మెయిలు తెరుచుకున్నాక కూడా చాలాసేపు చదవకుండా అలాగే కూర్చున్నాను. తర్వాత మార్చేశాను, మన్నించండి. దొంగలు మొదట ప్రయత్నించేది పెళ్ళిరోజే అట. ఇప్పుడు దేనికి దానికి వేరే పాస్‌వర్డు. అన్నిటినీ దాచే ఒక ప్రోగ్రాము ఉంది, దాన్ని తెరిచే మాట ఒక్కటి కవర్లో పెట్టి అంటించి అత్తయ్య పెట్టెలో పెట్టాం. నాకేదైనా అయినా కొట్టు ఆగకూడదు కదా.

ఇవన్నీ చెప్పింది వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి. అత్తయ్య ఆమెకి మిషన్ల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఆమె మొదటిరోజే మన కంప్యూటరుని చూసి, "ఇది పోతే ఏం చేస్తారక్కా?" అంది. ఇది పోదు, మా ఆయన బాగా చూసుకునేవారు అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, బయటి డిస్కు ఒకటి తెప్పించింది. ప్రతిదీ మూడు చోట్ల ఉండాలంది. ఒకటి కంప్యూటర్లో. ఒకటి ఆ డిస్కులో, అది కొట్లో ఉండకూడదు, వెనక ఇంట్లో బీరువాలో ఉండాలి. మూడోది నెట్‌లో, మనం అద్దెకి తీసుకున్న చోట. సాయంత్రం కొట్టు మూసేముందు డిస్కు తగిలించడం ఇప్పుడు దీపం పెట్టినంత అలవాటైపోయింది. "తీసి తెరిచి చూడని కాపీని నమ్మొద్దక్కా, అప్పుడప్పుడూ ఏదో ఒకటి వెనక్కి తెచ్చి చూడండి" అని కూడా చెప్పింది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మనుషుల ఫైళ్ళన్నీ సర్దాక కొట్టువి కొన్ని మిగిలాయి. వాటిలో మీ గొంతు ఉంది. పరీక్షకొచ్చినవాళ్ళు విని తిరిగి చెప్పడానికని, పరీక్ష గదిలో కూర్చుని మీరు రికార్డు చేసిన మాటల వరస. కాలు. పాలు. చాలు. కోట. తోట. పాట. దాన్ని "కొట్టు పనిముట్లు" అనే ఫోల్డర్లో, కొలబద్దల పక్కన పెట్టాను. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది దానికే.

"తోట" తర్వాత వచ్చే ఖాళీలో దూరంగా వంటింట్లోంచి అత్తయ్య "ఒరేయ్, టీ చల్లారిపోతోంది" అని పిలిచింది పడిపోయింది కదా. మళ్ళీ రికార్డు చేయమని నేను, ఎవరికీ వినబడదులే అని మీరు. చివరికి అదే మన దొంగ పరీక్ష అయింది. పరీక్షకొచ్చిన పెద్దాయనతో వచ్చిన మనవరాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని "లోపల ఎవరో టీ తాగమంటున్నారు" అంటే, ఆ పిల్ల చెవులు బంగారమని మీరు నవ్వేవారు.

మీరెళ్ళాక నేనొక పని చేసేదాన్ని. మధ్యాహ్నం భోజనం వేళ షట్టరు సగం దించి, పరీక్ష గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ మాటలు వినేదాన్ని. మాటకీ మాటకీ మధ్య మీరు జవాబు కోసం ఆగుతారు. ఆ ఖాళీలో నేను జవాబు చెప్పేదాన్ని. కాలు అంటే కాలు. తోట అంటే తోట. ఫోన్లో మీ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, ఎప్పుడు తెగిపోతుందో తెలీదు, వెనక మీ తోటివాళ్ళ మాటలు. ఇక్కడైతే గదంతా మీరే. నాకోసమే ఆగి, నేను చెప్పేదాకా ఉంటారు. మాటలు మాత్రం కాలూ పాలే అనుకోండి. పెళ్ళైన కొత్తలో మాత్రం మీరింతకంటే ఏం మాట్లాడేవారు గనక.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. నేను ఒక బస్సు కండక్టరుకి పరీక్ష చేస్తున్నాను. ఠప్పుమని తెర నల్లబడింది, కాలిన వాసన. ఆయన హెడ్‌ఫోన్లు తీసేసి "అయిపోయిందా అమ్మా, పాసయ్యానా?" అన్నాడు. మిషన్ల డాక్టరమ్మ వచ్చి విప్పి చూసి, లోపలి డిస్కు పనికిరాదని తేల్చేసింది. ఇదే కొన్నాళ్ళ ముందు జరిగి ఉంటే నేను నేల మీద కూర్చుని ఏడ్చేదాన్ని. ఇన్నేళ్ళ చెవులన్నీ అందులోనే కదా. ఆరోజు అత్తయ్య బీరువా తెరిచి, చీరల మధ్యనుంచి డిస్కు తీసి, నైవేద్యం తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకొచ్చారు. మర్నాటికల్లా వేరే కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ వరసగా నిలబడ్డాయి. గడియారాల బాబాయి తాజా అచ్చు ఎక్కడుందో అత్తయ్య నన్నడక్కుండా తానే తీసి చూపించారు. ఆ గర్వం మీరు చూడాలి. వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చి మరీ చెప్పారు.

తీసి తెరిచి చూడమందిగా ఆ అమ్మాయి. అందుకని రకానికొకటి తెరిచి చూశాను. పరీక్ష గ్రాఫు తెరుచుకుంది. స్కాను తెరుచుకుంది. బిల్లు తెరుచుకుంది. మీ గొంతు చివరికి పెట్టుకున్నాను, మొదట వినాలనుకున్నది అదే అయినా. కాలు, పాలు, చాలు, కోట అన్నారు మీరు. తోట అన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు. నేరుగా పాట.

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. అత్తయ్య పిలుపు లేదు. తిరిగి ఎక్కించేటప్పుడు ఫైలు దెబ్బతిందనుకున్నాను. ఆ అమ్మాయిని కేకేస్తే, నెట్‌లో ఉన్న కాపీ దింపి ఇచ్చింది. అందులోనూ లేదు. కంప్యూటర్లోది పిడుగుకి పోయిందిగా, దాని బదులు మీరెప్పుడో పాత పెన్‌డ్రైవులో వేసిపెట్టిన కాపీ సొరుగులో దొరికింది. అందులోనూ తోట తర్వాత నిశ్శబ్దం.

"మూడు కాపీలూ ఒక్కచోటే ఎలా పాడవుతాయక్కా?" అంటూ ఆ అమ్మాయి నా చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసుకుని పెట్టుకుంది. కాసేపు విని, "పాడవలేదుగా. ఎవరో టీ చల్లారిపోతోందంటున్నారు" అంది.

అత్తయ్య కూడా పెట్టుకుని విన్నారు. "నేనే. ఏం గొంతే అప్పుడు నాకు" అని నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. నేనూ నవ్వాను. నాకేమీ వినబడకుండానే, వాళ్ళ మొహాలు చూసి నవ్వాను.

ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయిందండీ. ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి. ఒక్కొక్కటీ నేనే సర్దాను. తేడా ఉండడానికి ఇక నేను తప్ప ఏమీ మిగల్లేదు.

ఎవరికీ చెప్పకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు చెవులూ. సన్నటి శబ్దాలు ముందు పోతున్నాయి. నరానికి సంబంధించింది, మందు లేదు, మెల్లిమెల్లిగా ఇంకొంత తగ్గొచ్చు, మిషన్లు పెట్టుకుంటే ఇబ్బంది లేదు అన్నాడు. ఈ మాటలు నేనెంతమందికి చెప్పుంటానో. సిగ్గుపడకండి, కళ్ళజోడు లాంటిదే, ఇంట్లోవాళ్ళకి దాచకండి అని ఎంత చక్కగా చెప్పేదాన్నో. కాయితం చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద నిలబడితే వాటిలో ఒక్క మాట నాకు పనికిరాలేదు. ఇంటికొచ్చి దాచేశాను.

మీకెందుకు రాయలేదంటే, రాస్తే మీరు ఓడ మీంచి దూకి ఈదుకుంటూ వచ్చే రకమని ఒక కారణం. రెండోది చెప్పడానికి నాకే బాగాలేదు. నాలుగు మాటలు వినడం కోసం మీ ఫోన్‌కి వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆ నాలుగు మాటలూ నాకు అందడం లేదని చెబితే, మీరు మాట్లాడడం తగ్గించేస్తారేమో, ఉత్తరాల్లో రాస్తాలే అంటారేమో అని భయం. అర్థమైనా కాకపోయినా మీ గొంతు వస్తుంటే చాలనిపించేది. ఫోన్లో గొంతు ఎటూ సన్నబడి వస్తుంది, ఆ గాలీ ఇంజను హోరూ. మీరు ఆగినచోట ఊఁ అనేదాన్ని, నవ్వినచోట నవ్వేదాన్ని. మీరు కోపమనుకున్నది అదేనండీ.

ఇక ఆ రోజు సంగతి. మీరు "వేలు తెగింది" అన్నారు. నాకు వినబడింది "సెలవు దొరికింది" అని.

ఎలా వినబడిందని అడగకండి. సగం తీగలోంచి వచ్చింది, మిగతా సగం నేను పూరించుకున్నాను. అంతకుముందు రోజంతా అదే అనుకుంటూ ఉన్నాను మరి. చాలా సంతోషం అండీ అన్నాను. ఫోన్ పెట్టేసి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ మీ పరుపు ఎండలో వేయించారు. మీ చొక్కాలు రెండు ఇస్త్రీకి ఇచ్చాను. ఏ రోజొస్తారో ఉత్తరంలో రాస్తారు కదా అని, పోస్టు మనిషి వచ్చే వేళకి కౌంటరు వదిలి గుమ్మంలో నిలబడేదాన్ని. ఉత్తరం వచ్చింది. చదివాను. పరుపు లోపల వేశాం.

అప్పుడు అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ నావంక చూసి, "నేను పిలుస్తుంటే పలకవేమిటా, కొడుకు లేడు కదా అని కోడలికి నేను బరువైపోయానా అని ఎన్నాళ్ళు కుమిలిపోయానో తెలుసా" అన్నారు. నేను వంట చేస్తూంటే వెనకనుంచి పిలిచేవారట. నేను తిరిగి చూడకపోతే మెల్లిగా వెళ్ళిపోయేవారట, గొడవ ఎందుకని. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరి మీద ఒకరం అలిగినట్టు తిరిగామన్నమాట. ఆవిడ నా తల దగ్గరికి తీసుకుని, నా చెవి దగ్గర ఏదో అన్నారు. ఏమన్నారో అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండత్తయ్యా అన్నాను. ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఏమీ లేదే, పిచ్చిదానా అన్నాను" అన్నారు గట్టిగా.

నా అచ్చులు నేనే చేసుకున్నాను. చెవిలో ముద్ద పెట్టి తీసింది డాక్టరు దగ్గరి నర్సు, మిగతా పనంతా నాదే. మన ఫోల్డర్లలో నా పేరున కూడా ఒకటి తెరిచాను. పేరు, ఫోన్ నంబరు చివరి అంకెలు, లోపల తేదీలు. అందరికీ చేసినట్టే. మిషన్లు పెట్టుకున్న మొదటిరోజు కొట్టంతా తిరిగాను. మన తలుపు అంత కిర్రుమంటుందా? ఇన్నాళ్ళు వచ్చినవాళ్ళు ఎలా భరించారో. నూనె పోశాను. మీ ఫైలు కూడా విన్నాను. తోట తర్వాత ఏదో ఉంది, గోడ అవతల ఎవరో మసలినట్టు. మాటలు తెలియలేదు, మనిషి ఉన్నట్టు తెలిసింది. పెట్టుకోగా పెట్టుకోగా ఇంకా మెరుగవుతుందంటున్నారు.

మీరడిగిన ఆఖరిది మిగిలింది. కంపెనీవాళ్ళు ఇంకో ఏడాదికి సంతకం పెట్టమంటున్నారు, ఏమంటావు అన్నారు. ఇదివరకు మీరు ఇలాంటిదేం అడిగినా మీ ఇష్టం అని రాశాను. కొట్టు నిలబడాలని వెళ్ళిన మనిషికి వేరే మాట ఎలా చెప్పడం అని. ఇప్పుడు నా ఇష్టం కూడా రాస్తున్నాను. వద్దు. నాకు చెవులు తగ్గాయని జాలిపడి మాత్రం రాకండి. కొట్టు నిలబడింది. మీ గొంతు లావుగా ఉంటుంది, నా గ్రాఫు చూసుకుంటే అది నాకు చాలా ఏళ్ళు అందుతుంది. అందుకని తొందరపెట్టడం లేదు. నాకు మీరు కావాలి, అందుకని వద్దంటున్నాను. పక్కనుండి కాలూ పాలూ చెప్పినా సరే.

ఇంకో మాట. కేబులు ఎక్కించుకోవడానికి మీ ఓడ కొద్దిరోజులు రేవులో ఆగుతుందనీ, ఇంటికొచ్చి వెళ్ళేంత వ్యవధి ఇవ్వరనీ రాశారు కదా. నేనే వస్తున్నాను. టికెట్టు తీసుకున్నాను. కొట్టు మూయడం లేదు. నేను లేని రోజుల్లో అత్తయ్య బ్యాటరీలు ఇచ్చి చెవి మిషన్ల గొట్టాలు శుభ్రం చేస్తారు, మిషన్ల డాక్టరమ్మ పొద్దున పూట కూర్చుంటుంది. ఎవరొచ్చినా వాళ్ళ ఫైలు తీయడానికి మీ తలకాయా నా తలకాయా ఏదీ అక్కర్లేదు. నన్ను సాగనంపడానికి అత్తయ్య ఎంత ఆత్రంగా ఉన్నారంటే, నా కుర్చీలో ఇప్పటినుంచే కూర్చుంటున్నారు.

ఒక్క జాగ్రత్త చెబుతాను, వినండి. రేవులో గాలి ఎక్కువుంటుంది. గాలి తగిలితే ఈ మిషన్లలో అంతా హోరే, మాట తెలియదు. ఓడ మీంచి చెయ్యి ఊపితే చూస్తాను. దూరం నుంచి మాత్రం పిలవకండి. కిందికి దిగి, నడుచుకుంటూ వచ్చి, నా ఎదురుగా నిలబడి, అప్పుడు పిలవండి.

ఇట్లు,
రేవుకి వస్తున్న
మీ ఇంటావిడ